నేను ఆర్పిన పొయ్యి

ఎర్ర ఉన్ని లంగా కట్టుకుని, నల్ల శాలువా కప్పుకుని, నూరేళ్ళ కిందటి ఐరిష్ రైతు ఇల్లాలిగా నేను మూడు టూరిస్టు సీజన్లు బతికాను. అదీ పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదింటి దాకా మాత్రమే. అయిదూ పదికి బస్సు. ఆ బస్సెక్కితే మళ్ళీ ఐర్లాండులోని ఎన్నిస్ ఊళ్ళో అద్దె ఇంట్లో కుక్కర్ పెట్టుకునే పల్నాటి మనిషిని.

నేను పనిచేసింది ఎన్నిస్‌కి అరగంట దూరంలో ఉన్న ఒక పాతకాలపు పల్లెలో. పాతకాలపుది అన్నానే గానీ అది నిజంగా ఒకప్పటి ఊరు కాదు. టూరిస్టులు చూడడానికని ఎక్కడెక్కడి ఇళ్ళనో రాయి రాయీ విప్పి తెచ్చి ఒకచోట కట్టారు. గడ్డికప్పు ఇళ్ళు ఆరు, ఒక కమ్మరి కొలిమి, ఒంటిగది బడి, ఒక గాడిద, చాలా కోళ్ళు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళితే చెవికి పెట్టుకునే యంత్రం ఒకటి ఇస్తారు. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి కథ తొమ్మిది భాషల్లో చెబుతుంది. ఆ తొమ్మిదింటిలో తెలుగు లేదు, నేను చూశాను.

మా ఆయన దగ్గర్లోని షానన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనికి వచ్చాడు. అక్కడి కంపెనీలు బొట్టు పెట్టి పిలిచినట్టు పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. నెలకో కొత్త తెలుగు కుటుంబం దిగేది. అందరికీ ఉద్యోగాలుండేవి గానీ ఉండడానికి ఇళ్ళుండేవి కావు. ఒక ఇల్లు అద్దెకుందంటే చూడడానికి వీధి చివరిదాకా వరస కట్టేవాళ్ళు. నాకు మొదటి రెండేళ్ళూ పని చేసుకునే వీలు లేని వీసా. తరవాత రూలు మారింది. మారిన వారంలోనే కనిపించిన ప్రతిచోటా అప్లికేషన్ పడేశాను. నా బీకాంని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. చివరికి ఆ పల్లెలో టీ కొట్టులో గిన్నెలు కడిగే పని దొరికింది. ఇంట్లో ఊరికే చేసే పనే కదా, ఇక్కడ జీతం ఇస్తారట అనుకుని చేరిపోయాను.

కొన్నాళ్ళకి, పెద్ద ఇంటి వంటగదిలో సాయం చేసే అమ్మాయి మానేసి లిమరిక్‌లో ఏదో టెక్ కంపెనీకి ఫోన్లు ఎత్తే పనికి వెళ్ళిపోయింది. ఆ చుట్టుపక్కల పిల్లలెవరూ ఎర్ర లంగా కట్టుకోవడానికి ముందుకు రాలేదు. మేనేజరు వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. నా మొహం చూసి ఐరిష్ పల్లె మనిషినని ఎవరు నమ్ముతారండీ అని నేనే అడిగాను. ఆ గదిలో వెలుతురు తక్కువలెండి అన్నాడు. మొహమాటం అంటే ఏమిటో ఎరగని మనిషి.

ఆ వంటగది ఒక పెద్దావిడది. డెబ్భై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, గట్టి మాట, గట్టి చేతులు. ఆ దేశంలో పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ పేరుతోనే పిలుస్తారు. అంత వయసు మనిషిని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. పోనీ మనవాళ్ళలో లాగా ఆంటీ అందామా అంటే ఆవిడకి అదేమిటో తెలియదు. అందుకని ఏమీ పిలవకుండానే గడిపేశాను. ఏదైనా అవసరమైతే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని.

ఆ పొయ్యి మన పొయ్యి లాంటిది కాదు. గోడలో చిన్న గదిలా ఉంటుంది. నేల మీదే రాతి పలక, దాని మీద నిప్పు, పైనుంచి వేలాడే ఇనప కొక్కేనికి గిన్నె. కాల్చేది కట్టెలు కాదు, టర్ఫ్ అని, బురదనేలలోంచి ఇటుకల్లాగా కోసి ఎండబెట్టిన మట్టి. మొదటి వారం ఆ పొగ నాకు పడలేదు. నెల తిరిగేసరికి ఆ వాసన మా ఇంటి దుప్పట్లకీ, మా అమ్మాయి స్కూలు స్వెటర్‌కీ కూడా పట్టేసింది.

మజ్జిగా, వంటసోడా వేసి కలిపిన పిండిని ఇనప గిన్నెలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి రొట్టె కాల్చేది పెద్దావిడ. మా నాయనమ్మ దిబ్బరొట్టె ఇలాగే కాల్చేదని చెప్పాను. పైనా కిందా నిప్పులే అంటే, ఆవిడ అప్పుడు నా వంక సరిగ్గా చూసింది. మర్నాటి నుంచి పిండి కలపడం నాకు అప్పగించింది. వెన్న చిలికేటప్పుడు లోపలికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే ఒక చెయ్యి వేసి వెళ్ళాల్సిందేననేది. వెయ్యకపోతే వెన్న వాళ్ళ వెంట వెళ్ళిపోతుందట. సూటు వేసుకుని వచ్చిన బ్యాంకు ఆఫీసర్లని కూడా వదల్లేదు.

నాకు మాత్రం ఆ పల్లెలో ఏది నిజమో ఏది వేషమో కనిపెట్టడం ఒక ఆటగా ఉండేది. కొంచెం పొగరు కూడా అనుకోండి. తాతల నాటి ఉయ్యాల అని చూపించేది పోయిన చలికాలంలో అక్కడి వడ్రంగి చేసింది. కోళ్ళని సంతలో కొన్నారు. పల్లె అవ్వలు అల్లారని అమ్మే టోపీల లోపల ఏదో దేశపు ఫ్యాక్టరీ చీటీ ఉంటుంది. నన్ను చూస్తే నేనూ వేషమే.

పెద్దావిడ వచ్చిన ప్రతి గుంపుకీ ఒక కథ చెప్పేది. ఈ పొయ్యిలో నిప్పు మా అమ్మ పొయ్యిలోది, మా అమ్మకి వాళ్ళ అత్తగారిది, ఇన్నేళ్ళలో ఆరింది లేదు అని. టూరిస్టులు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. చెవి యంత్రం కూడా అదే చెప్పేది. నేను పిండి పిసుకుతూ వినేదాన్ని. ఉయ్యాలదొక కథ, నిప్పుదొక కథ అనుకున్నాను. గోడ కబ్బర్డులో, వాళ్ళు దాన్ని ప్రెస్ అంటారు, అగ్గిపెట్టెలూ నిప్పంటించే మైనం ముక్కలూ ఉండడం నా కళ్ళతో నేనే చూశాను కదా. సాయంత్రం ఆర్పేసి వెళుతుంది, పొద్దున నాకన్నా ముందు వచ్చి అంటిస్తుంది అని తీర్మానించేసుకున్నాను. అందరూ వెళ్ళాక ఆవిడ ఆ పొయ్యిని ఏం చేస్తుందో నేను ఒక్కరోజు కూడా చూడలేదు. నాకు బస్సు తొందర.

రెండో సీజన్లో, జూన్ నెలలో, ఆవిడ మోకాలి నొప్పికి జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. మూడింటికే వెళ్ళిపోతూ, పొయ్యిని నాకు అప్పగించింది. దిబ్బరొట్టె కాల్చే ఇంటి మనిషికి సాయంత్రం పొయ్యి ఏం చెయ్యాలో ఒకరు చెప్పాలా అనుకుని ఉంటుంది. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను.

మాది పల్నాడు. ఎండాకాలం గాడ్పు కొట్టేటప్పుడు ఒక్క రవ్వ లేచిందంటే వాడకి వాడే బూడిద. పూరింట్లో పొయ్యిలో నిప్పు వదిలేసి పడుకుందని తెలిస్తే ఆ ఇల్లాలిని ఊరు ఊరంతా దులిపేసేది. మా నాయనమ్మ వంటలవగానే నిప్పుల మీద నీళ్ళు చల్లి, బొగ్గులు ఏరి దాచి, బూడిద గిన్నెలు తోమడానికి ఎత్తిపెట్టి, పొయ్యి అలికి ముగ్గు వేసేదాకా నడుం వాల్చేది కాదు. బూడిద పేరుకున్న పొయ్యి ఉన్న ఇంటికి లక్ష్మి రాదనేది. రెండు సీజన్లుగా ఆ పెద్దావిడ పొయ్యిలో బూడిద నా కళ్ళలో పొడుస్తూనే ఉంది. పైన చూస్తే గడ్డికప్పు, కింద చూస్తే కణకణలాడే నిప్పు. ఇక నా చేతులు ఆగలేదు.

నీళ్ళు పోశాను. పెద్ద చప్పుడుతో పొగ లేచి గదంతా నిండింది. మూడు బకెట్ల బూడిద ఎత్తి బయట పారబోశాను. పలకని బ్రష్షు పెట్టి తోమాను. కింద నుంచి నల్లటి రాయి నిగనిగలాడుతూ బయటపడింది. బియ్యప్పిండి లేదు కాబట్టి రొట్టెల మైదాతోనే దాని మీద చిన్న ముగ్గు వేశాను. ఈ లోపల బస్సు వెళ్ళిపోయింది. మా ఆయన వచ్చి తీసుకెళ్ళాడు. దారంతా నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను. పాపం మోకాలి నొప్పి మనిషికి ఎంత పని తప్పించానో అని చెప్పాను ఆయనతో.

మర్నాడు నేను వెళ్ళేసరికి పెద్దావిడ పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కోటు విప్పలేదు. చేతిలో పట్టకారు. ముగ్గు చెదరలేదు. నేను నవ్వుతూ, నిన్న అంతా కడిగేశానని చెప్పాను. ఆవిడ అరచెయ్యి రాతి మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది. రాయిలో వెచ్చదనం ఏమైనా మిగిలిందేమోనని చూస్తోందని నాకు అప్పుడు తట్టలేదు.

“గ్రాండ్,” అంది చివరికి. “చాలా శుభ్రంగా ఉంది.”

అక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉంది, పరవాలేదు అని. నాలుగేళ్ళు ఐర్లాండులో ఉన్నాక, ఎవరైనా అంత మెల్లిగా గ్రాండ్ అంటే కాస్త భయపడడం నేర్చుకున్నాను. ఆవిడ లేచి, ప్రెస్ తెరిచి అగ్గిపెట్టె అందుకుంది. మూడు పుల్లలు విరిగిపోయాయి. చివరికి పుల్ల నేనే గీసి ఇచ్చాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ రోజు మొదటి గుంపుకి రొట్టె గురించి చెప్పింది, వెన్న గురించి చెప్పింది, నిప్పు ఊసెత్తలేదు. యంత్రం చెవికి పెట్టుకున్న ఒకాయన, ఎన్నడూ ఆరని నిప్పు ఇదేనా అని అడిగాడు. ఇది రొట్టెలు కాల్చుకునే నిప్పండీ అని చెప్పి పక్కకి తిరిగింది. అప్పుడు తెలిసింది నాకు. పిండిలో పెట్టిన చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఆ పల్లె మొత్తానికి నిజమైనది ఒకే ఒక్కటుంటే, దాన్ని వెతికి పట్టుకుని మరీ బకెట్లోకి ఎత్తి పారబోశాను.

మధ్యాహ్నం ఎదురుగా వెళ్ళి నిలబడి క్షమించమన్నాను. గ్రాండ్ అంది. సాయంత్రం మళ్ళీ అన్నాను. మళ్ళీ గ్రాండ్ అంది. మర్నాడు పనికి రాలేదు.

మేనేజరు చెప్పాడు మిగతాది. తల్లిని చివరిదాకా చూసుకుంది ఈ పెద్దావిడే. తల్లి పోయాక ఇంటికప్పు కూలింది, పొలాన్ని ఆవిడ అన్న కొడుకులు అమ్మేశారు. ఇల్లు వదలాల్సిన రోజున నిప్పుని మూత ఉన్న ఇనప గిన్నెలో పెట్టుకుని, తన కారు ముందు సీట్లో పెట్టుకుని, ఇక్కడికి తెచ్చి ఈ పొయ్యిలో పోసింది. నిప్పు కోసమే ఈ పనిలో చేరింది. సాయంత్రం నిప్పుల్ని బూడిద కింద కప్పిపెడుతుంది, పొద్దున్నే బూడిద తీసి ఊదుతుంది. చలికాలం పల్లె మూసేసినా రోజూ వచ్చేది, క్రిస్మస్ రోజు కూడా. ప్రెస్‌లో ఉన్న అగ్గిపెట్టెలు బడి గదిలో స్టవ్వు కోసం ఉంచినవట.

మేనేజరుకి నా మీద కోపమేమీ లేదు. అదే నాకు మంట. నిప్పు నిప్పేనని, వచ్చేవాళ్ళకేం తెలుస్తుందని, ఆవిడ వచ్చేదాకా ఆ కథ నన్నే చెప్పెయ్యమన్నాడు. రికార్డింగు మార్చాలంటే తొమ్మిది భాషల్లో మార్చాలి, అదెంత తతంగమో నీకు తెలియదు అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన మొదట అన్న మాట, “ఆవిడకి బ్యాకప్ లేదా?”

నేను చూసిన చూపుకి లాప్‌టాప్ మూసేశాడు. “నవ్వులాటకి కాదే నేనంటంది. సర్వర్ పడిపోతే ఇంకో దాంట్లోంచి తెచ్చుకుంటాం గదా. ఎనకటికి పొయ్యి ఆరిపోతే వాళ్ళేం చేసేవాళ్ళో ఆవిడ్నే అడగరాదూ? ఇట్టా మొహం ముడుచుకుని కూచుంటే ఏమొస్తది?”

మా అమ్మాయి అంతా విని, అక్కడి క్లేర్ జిల్లా యాస ఇంగ్లీషులో, ఆవిడకి ఒక కార్డు రాసి పంపమంది. అక్కడి పిల్లలకి సర్వరోగాలకీ కార్డే మందు. నేను ఆ రాత్రి ఇద్దరిమీదా విసుక్కుని పడుకున్నాను.

మర్నాడు, అది గురువారం, ఒక పెద్ద బస్సు నిండా హంగరీ వాళ్ళు వచ్చారు. పెద్దావిడ లేదు. మేనేజరు గుమ్మంలో నిలబడి నాకు సైగ చేశాడు. నేను చెప్పాను. ఈ నిప్పు ఎన్నడూ ఆరలేదని, తల్లి నుంచి కూతురికి వచ్చిందని, గొంతు కాస్త తగ్గించి మరీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఎంత బాగా చెప్పానో నాకే ఆశ్చర్యం వేసింది.

అందరూ వెళ్ళాక ఒక యాభై ఏళ్ళ మనిషి ఆగిపోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో, హంగరీలో తమ ప్రాంతంలో కూడా ఇలాంటి పల్లె ఉందని, తను అక్కడ కుచ్చిళ్ళ లంగా కట్టుకుని మట్టి పొయ్యిలో రొట్టెలు కాలుస్తానని చెప్పింది. టూరిస్టుల కోసం తమకీ ఇలాంటి కథలు రెండు మూడు ఉన్నాయని నవ్వింది. తరవాత వంగి పలక వంక చూసింది.

“ఇంత పాత నిప్పుకి రాయి ఇంత కొత్తగా ఉందేం?”

వెక్కిరింతగా అనలేదు. ఒకే పనిలో ఉన్నవాళ్ళు అనుకునే మాటలాగా అని, నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. ఆ పల్లెలో అందరి వేషాలనీ కనిపెట్టే నన్ను, ఎక్కడో హంగరీ నుంచి వచ్చిన మనిషి ఒక్క చూపులో కనిపెట్టేసింది. ఆ తరవాత వచ్చిన గుంపుకి నేను రొట్టె గురించి మాత్రమే చెప్పాను.

శుక్రవారం సెలవు పెట్టి, సాయంత్రం మా ఆయన్ని దింపమని పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. ఎన్నిస్‌కి అవతలి వైపు పదకొండు మైళ్ళ దూరంలో ఉంది. కొత్త ఇల్లు, నూనెతో నడిచే హీటింగు, అసలు పొగగొట్టమే లేదు. తన నిప్పుని తన ఇంట్లో ఎందుకు పెట్టుకోలేదో నాకు గుమ్మంలోనే అర్థమయింది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. అన్నీ చెప్పాను. గాడ్పుల సంగతి, నాయనమ్మ సంగతి, ముగ్గు ఎందుకు వేశానో, గురువారం ఆడిన అబద్ధం, దానికి పడిన చప్పట్లు. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది, గాలికి ఊరు ఊరంతా ఎలా తగలబడుతుందని. చెబితే తల ఊపుతూ విన్నది. తమ దగ్గర గడ్డికప్పు అంటుకోవాలన్నా అంటుకోదని, ఏడాదంతా తడిగానే ఉంటుందని, నిప్పు ఆరిపోతే అంటించుకోవడానికి ఎండు పుల్ల దొరకడమే కష్టమని చెప్పింది. ఆ వారంలో మొదటిసారి ఆవిడ గొంతు మామూలుగా వినిపించింది.

మరి ఆరిపోతే ఏం చేసేవాళ్ళని అడిగాను. పక్కింటికి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం అంది. అయితే ఇప్పుడు ఆ రోడ్డు మీద ఒక్క ఇంట్లోనూ నిప్పు లేదట. మూడు రోజులుగా తెలిసినవాళ్ళకల్లా ఫోన్లు చేస్తూనే ఉంది. ఒకరింట్లో మాత్రం రిమోటు నొక్కితే వెలిగే గ్యాసు పొయ్యి ఉందట. రిమోటుతో వెలిగే నిప్పు నాకెందుకు అని మూతి విరిచింది. తరవాత నన్ను అడిగింది.

“మీ ఇంట్లో ఏమైనా మండుతుందా?”

కరెంటు స్టవ్వు అని చెప్పబోయి ఆగాను. దేవుడి దగ్గర దీపం ఉందన్నాను. అది కూడా రాత్రికి కొండెక్కుతుందని, మళ్ళీ పొద్దున అగ్గిపుల్లతోనే వెలిగిస్తానని చెప్పేశాను. అబద్ధాలు చాలనిపించింది.

ఏ నిప్పైనా ఎవరో ఒకరు ఎప్పుడో అంటించిందేగా అంది ఆవిడ. ఆ తరవాత, టూరిస్టులకి ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. తన తల్లి పొయ్యి కూడా తనకి తెలిసి రెండుసార్లు ఆరిపోయింది. ఒకసారి, కంచె గొడవతో నాలుగేళ్ళు మాటల్లేని ఇంటికే వెళ్ళాల్సి వచ్చిందట. ఇంకే ఇల్లూ దగ్గర్లో లేదు. తల్లి గిన్నె పట్టుకుని ఆ గడపలో నిలబడితే, ఆ ఇల్లాలు ఏమీ అడక్కుండా ముందు నిప్పు వేసింది, తరవాత టీ పోసింది. మధ్యాహ్నం దాకా తల్లి ఇంటికి రాలేదు. నిప్పు లేక పిల్లలం చలికి వణుకుతూ కూర్చున్నామని నవ్వింది.

నవ్వుతూనే లేచి కోటు అందుకుంది, ఇప్పుడే వెళదాం పద అని. ఆరోజేమో శుక్రవారం. సాయంత్రం ఆరవుతోంది. శుక్రవారం దీపాల వేళ నిప్పూ ఉప్పూ పెరుగూ గడప దాటనివ్వకూడదు. జూన్‌లో ఐర్లాండులో పొద్దు పదింటికి గానీ గుంకదు, మరి దీపాల వేళ ఎప్పుడయ్యా అంటే మా ఇంట్లో ఆరింటికే. ఇలాంటివి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నమ్మననే చెబుతాను. కాదని చేసే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. ఆవిడకి అంత నష్టం చేసి, ఇప్పుడు ఒక దీపం ఇవ్వడానికి వెనకాడడం ఏం మర్యాద? నీళ్ళు నమిలాను. ఏమైందని ఆవిడే అడిగితే తలొంచుకుని చెప్పాను.

ఆవిడ కోటు తీసి మళ్ళీ కొక్కేనికి తగిలించింది. మే నెల మొదటి రోజున వాళ్ళూ అంతేనట. నిప్పు, పాలు, వెన్న ఎవరికీ ఇవ్వరట, ఇంటి అదృష్టం వాటి వెంటే పోతుందని.

“అయితే ఇవాళ వద్దు,” అంది. “రేపొస్తాను.”

ఆ ఒక్క మాటకి నాకు ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. నాలుగేళ్ళుగా ఆ దేశంలో నా అలవాట్లు అందరికీ నచ్చుతూనే వచ్చాయి. ఎంత రంగులు, ఎంత రుచి అని మెచ్చుకునేవాళ్ళు. కానీ నా అలవాటు కోసం ఒక రోజు ఆగిన మనిషి ఆవిడే.

శనివారం పొద్దున తలంటుకుని, దీపం పెట్టి కూర్చున్నాను. పదింటికి పాత లాంతరు ఒకటి పట్టుకుని వచ్చింది. గడపలో నిలబడి, ఈ ఇంట్లో అందరినీ దేవుడు చల్లగా చూడాలి అంది. అలా అనాలట. మా చెప్పులు బయట ఉండడం చూసి తనూ బూట్లు విప్పింది. అక్కడ ఎవరూ పక్కింటికి చక్కెరకో పాలకో వెళ్ళరు, షాపుకి వెళతారు. ఏదైనా అడిగి పట్టుకెళ్ళడానికి మా గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడ. లాంతర్లో కొవ్వొత్తిని మా దీపానికి అంటించాను. వచ్చిన ఆడమనిషిని ఒట్టి చేతులతో పంపకూడదు కదా, బొట్టు పెట్టి అరటిపండు చేతిలో పెట్టాను. కారెక్కుతూనే ఆ పండు తినేసింది.

లాంతరు నా ఒళ్ళో పెట్టుకున్నాను. అద్దాలన్నీ ఎత్తేసి, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నడిపింది. వెనక కార్లు బారులు తీరాయి. ఇంత చేసినా ఊరి చివర రౌండెబౌట్ దగ్గర కొవ్వొత్తి కరిగిన మైనంలో మునిగి ఆరిపోయింది. ఇద్దరం లాంతరు వంక చూశాం. ఆవిడ రౌండెబౌట్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి, కారుని వచ్చిన దారినే మళ్ళించింది. అప్పుడు ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆవిడ ఎంత నవ్విందంటే, పక్కకి ఆపి కళ్ళు తుడుచుకుని గానీ నడపలేకపోయింది. రెండోసారి లాంతర్లో లావుపాటి కొవ్వొత్తులు రెండు పెట్టాం.

నిప్పు పొయ్యికి చేరింది. మేనేజరు ఫోన్‌లో వీడియో తియ్యడానికి వస్తే ఆవిడ బయటికి తోలేసింది. ఆ సాయంత్రం నేను కావాలనే బస్సు వదిలేశాను. నిప్పులు ఎలా పరవాలో, మీద టర్ఫ్ ఎలా పేర్చాలో, ఎంత బూడిద కప్పాలో పక్కన కూర్చుని చూశాను. బూడిద కప్పేటప్పుడు ఆవిడ తన ఐరిష్ భాషలో ఏదో చదివింది. నాకు తెలిసిన దీపం శ్లోకం నేను చదివాను. ఆదివారం పొద్దున బూడిద తీస్తే లోపల ఎర్రగా ఉంది.

సోమవారం పెద్ద గుంపు వచ్చింది. చెవుల్లో యంత్రాలు ఎన్నడూ ఆరని నిప్పు కథ చెబుతూనే ఉన్నాయి. పెద్దావిడ పట్టకారు తీసుకుని అందరి ముందూ నిలబడింది. యంత్రాలు ఒకసారి తియ్యమంది.

“మా అమ్మ నిప్పు ఆరిపోయిందండీ,” అంది. “ఇది పక్కింటి నుంచి తెచ్చుకున్నాను.”

గుమ్మంలో మేనేజరు తల పట్టుకున్నాడు. ఆ పక్కిల్లు ఏది, చూడొచ్చా అని ఒకరు అడిగారు. కొందరు కిటికీలోంచి బయటికి తొంగిచూశారు. అక్కడ గాడిద తప్ప ఏమీ లేదు. ఆవిడ పట్టకారు ఎత్తి, వెలుతురు తక్కువగా ఉన్న మూలన పిండి కలుపుతున్న నన్ను చూపించింది. అందరూ నావైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది. రెండు చేతులకీ పిండి, కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు. అలాగే నిలబడ్డాను.